పడవెక్కి వచ్చిన లేతు

మా అత్తగారు పోయారు. ఆ కబురు తెలిసేసరికి నేను గుడివాడలో ఒక హార్డ్‌వేర్ కొట్టు ముందు నిలబడి, లేతు మిషన్‌కి వేసే బెల్టు పొడవు సరిపోతుందో లేదో చూసుకుంటున్నాను. ఫోన్ చేసింది మా ఆయన. "అమ్మ లేదు" అన్నారు. నాకు ముందు ఎక్కలేదు. ఇంట్లో లేకపోతే అవనిగడ్డ వెళ్ళి ఉంటుంది, చూడండి అన్నాను. "పొద్దున టీ తాగి గోడకి ఆనుకుని కూచుంది. అట్టాగే ఉండిపోయింది" అన్నారు.

కొట్టతను బెల్టు కాగితంలో చుట్టి ఇచ్చాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పామర్రు దాటాక బస్సు నిండిపోయింది. కూచిపూడి దగ్గర ఎక్కిన ఒక కుటుంబం పిల్లకి చెవులు కుట్టించడానికి మోపిదేవి వెళ్తోంది. ఆ పిల్ల నా పక్కన చోటు దొరకబుచ్చుకుని, కాసేపటికి నా భుజం మీద నిద్రపోయింది. కిటికీలోంచి వరి చేలు వెనక్కి వెళ్తున్నాయి. కాలవలో నీళ్ళు మాత్రం మాతో పాటే వస్తున్నట్టు అనిపించింది. ఏడుపు రాలేదు. పిల్ల లేస్తుందేమోనని కదలకుండా కూర్చున్నాను. మోపిదేవిలో వాళ్ళు దిగిపోయాక, ఖాళీ అయిన ఆ భుజం మీద చెయ్యి వేసుకుని అప్పుడు ఏడ్చాను.

నేను టర్నర్‌ని. ఆ పనేమిటో చదివేవాళ్ళలో కొందరికి తెలియకపోవచ్చు. ఇనుప కడ్డీని లేతు మిషన్‌కి బిగించి గిరగిరా తిప్పుతూ, గట్టి ఉలి ఆనించి, దాన్ని కావలసిన కొలతకి వెంట్రుక మందాన చెక్కుకుంటూ వెళ్ళడం. మా ప్రాంతంలో ఆ పని ఎక్కువగా పడవల కోసమే. పడవ ఇంజన్ నుంచి నీళ్ళలో ఉండే ఫ్యాను దాకా ఒక కడ్డీ వెళ్తుంది. దాన్ని షాఫ్ట్ అంటాం. అది వణక్కుండా చుట్టూ పట్టుకుని ఉండే ఉంగరం లాంటిది బుష్. షాఫ్ట్ వంగినా, బుష్ అరిగినా పడవ పని అంతే.

మాది గుడివాడ దగ్గర పల్లె, క్రైస్తవ కుటుంబం. ఐటీఐలో టర్నర్ ట్రేడ్‌లో చేరినప్పుడు తరగతి మొత్తానికి ఆడపిల్లని నేనొక్కదాన్నే. తర్వాత బందరులో ఒక వర్క్‌షాపులో తొమ్మిదేళ్ళు పనిచేశాను. దివిసీమలో సముద్రం ఒడ్డు నుంచి షాఫ్టులు భుజాన వేసుకుని వచ్చే వాళ్ళలో ఒకాయన, పని అయిపోయాక కూడా బెంచీ మీద కూర్చుని ఉండేవారు. ఆయన్నే పెళ్ళి చేసుకున్నాను. మా నాన్న ఆరు నెలలు మాట్లాడలేదు, ఆ తర్వాత మాట్లాడారు.

పెళ్ళయి నాగాయలంక అవతల, మడ అడవి అంచున ఉన్న వాళ్ళ ఊరికి వచ్చిన రోజు మా అత్తగారు నా మొహం కంటే ముందు నా చేతులు చూశారు. గోళ్ళ చుట్టూ నూనె నలుపు పట్టేసి ఉంది.

"ఇది పోదా?" అని అడిగారు.

"పోదండీ."

ఆవిడ తన చేతులు చాపారు. ముప్పై ఏళ్ళుగా ఎండుచేపలకి ఉప్పు పట్టించిన చేతులు. అరచేతుల నిండా తెల్లటి బీటలు.

"ఇదీ పోదు" అన్నారు. అదే మా మొదటి సంభాషణ.

అక్కడి నుంచి రోజూ బందరు వెళ్ళి రావడం జరిగే పని కాదు. పని మానేశాను. ఇంటి పనులు నేర్చుకున్నాను, చేపలు కొయ్యడం నేర్చుకున్నాను, ఉప్పు గాలికి ఎండుతున్న చీరలు ఎప్పుడు తియ్యాలో నేర్చుకున్నాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా మధ్యాహ్నాలు ఏమీ తోచేది కాదు. కళ్ళు మూసుకుంటే మిషన్ తిరుగుతున్న చప్పుడు వినిపించేది. అలా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు నేను కూర తరుగుతుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చుని, "నీ గోళ్ళు తెల్లబడ్డాయే" అన్నారు. ఒంట్లో బాగోలేని మనిషిని చిక్కిపోయావని అన్నట్టు అన్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బందరు నుంచి మా పాత ఓనరు గారు ఫోన్ చేశారు. ఆయనకి కళ్ళు ఆనడం లేదు, వర్క్‌షాపు మూసేస్తున్నారు. "నువ్వు పనిచేసిన లేతుని పాత ఇనుము కింద ముక్కలు చేయించడానికి నాకు మనసొప్పట్లేదమ్మా. నీ చేతికి అలవాటు పడిన మిషన్. తీసుకెళ్ళు" అన్నారు.

ఆ మాట ఇంట్లో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. లేతు అంటే కుట్టు మిషన్ కాదు. నిలువెత్తు లేకపోయినా మంచం కంటే పొడవు, అంతా పోత ఇనుము, ఒకటిన్నర టన్ను బరువు. మా ఊరి దారేమో రొయ్యల చెరువుల గట్టు మీద మట్టి రోడ్డు. మధ్యలో ఒక కల్వర్టు సగం కుంగిపోయి ఉండేది. ఆటో కంటే పెద్దది ఏదీ దాని మీదకి వచ్చేది కాదు.

మా మావగారి అన్నగారు, మేము పెదమావయ్య అంటాం, రెండు ఫైబర్ పడవలకి యజమాని. ఊళ్ళో ఆయన మాటకి విలువ. ఆయన అరుగు మీద కూర్చుని అంతా విని, "ఇది ఒండ్రు మీద నిలబడ్డ ఊరు. ఇక్కడ మనుషులే కూరుకుపోతన్నారు, ఇనుము నిలబడుద్దా?" అన్నారు. నా వైపు చూడకుండా, "అయినా ఆడమనిషి తిప్పిన షాఫ్టు వేసుకుని సముద్రం మీదకి ఎవడు ఎల్తాడు" అన్నారు.

మా ఆయన తల దించుకున్నారు. మర్నాడు పొద్దున్నే అత్తగారు తలకి నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని, "పద, బందరు వెళ్దాం. నీ మిషన్ చూపించు" అన్నారు.

వర్క్‌షాపులో ఆవిడ లేతు చుట్టూ మూడుసార్లు తిరిగారు. అరచేత్తో తట్టారు. ఒక చివర భుజం ఆనించి నెట్టారు, ఇంకో చివరికి వెళ్ళి అక్కడా నెట్టారు. ఓనరు గారు వింతగా చూస్తున్నారు. "దీని బరువంతా ఎటుంది?" అని అత్తగారు నన్ను అడిగారు. గేర్లు, కడ్డీని బిగించి పట్టుకునే చక్ ఉండే ఎడమ వైపు చూపించాను. "తల బరువన్నమాట. పడవకి ఇంజన్ వైపు ఉన్నట్టే. తలని కట్టుకుంటే తోక దానంతటదే వస్తుంది" అన్నారు. బయటికి వచ్చాక నాతో ఒక మాట చెప్పారు. తర్వాత ఎన్నోసార్లు చెప్పారు, బరువైన పని ఎదురైనప్పుడల్లా. "బరువుని చూసి భయపడకూడదే. అది ఎటు వెళ్దామనుకుంటుందో ముందు దాన్నే అడగాలి."

తిరుగు బస్సులో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అవనిగడ్డ దాటాక, నిద్రపోయారనుకున్న మనిషి కళ్ళు తెరవకుండానే అన్నారు. "మన ఊళ్ళోకి పడవలు వస్తన్నాయిగా. నీళ్ళ మీద వచ్చేదానికి రోడ్డెందుకు?"

పెదమావయ్య దగ్గరికి ఆవిడే వెళ్ళారు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

"రెండు పడవలు ఒక్క రోజుకి కావాలి బావగారూ."

"మునిగితే?"

"మీ పడవలు మునిగినా తేలతాయి. నా కోడలి మిషన్ తేలదు. పోయేది మాకే కదండీ."

ఆయన చుట్ట ఆర్పేశారు. "నేనూ వస్తా. నా పడవలు మీ చేతుల్లో పెట్టి ఇంట్లో కూచోలేను" అన్నారు.

సముద్రపు పోటు బాగా ఎక్కే రోజు చూడాలి కాబట్టి పౌర్ణమికి ముందు రోజు ఎంచుకున్నారు. అర్ధరాత్రి దాటగానే బందరు నుంచి మినీ లారీలో లేతు బయలుదేరింది. చల్లపల్లి దగ్గర టైరు పంక్చరై ఆలస్యమైంది. నాగాయలంక రేవులో రెండు పడవలు పక్కపక్కన చేర్చి, అడ్డంగా దుంగలు వేసి, తాళ్ళతో ఒక్కటిగా కట్టి సిద్ధంగా ఉంచారు. గొలుసు కప్పీతో లేతుని లారీ మీద నుంచి లేపి, అంగుళం అంగుళం దుంగల మీదకి దించారు. దాని బరువుకి పడవలు రెండూ ఒక్కసారి దిగి, మళ్ళీ కొంచెం పైకి లేచి, అక్కడ ఆగాయి. అందరం పడవల అంచుల వైపే చూస్తున్నాం. నీటికీ అంచుకీ మధ్య జానెడు మిగిలింది. అత్తగారు ఆ జానెడుని తన చేత్తో కొలుచుకుని, "చాలు" అన్నారు.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలో జరిగినట్టే గుర్తుంది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఒడ్డు ఉందో లేదో తెలియడం లేదు. ఇంజన్ చాలా నెమ్మదిగా, గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టు తిరుగుతోంది. పాత వలలు కప్పిన లేతు పడవల మధ్యలో ఒక పెద్ద జంతువు పడుకున్నట్టు ఉంది. ఎదురుగా చేపల పడవల్లో వెళ్తున్న వాళ్ళు దగ్గరికొచ్చి, అదేమిటో అర్థంకాక, ఏమీ అడక్కుండా దారి ఇచ్చి వెళ్ళిపోయారు. ఒక చోట కొంగలు బారుగా మా తల మీదుగా వెళ్ళాయి. అత్తగారు లేతు తల వైపు కూర్చుని, దాని మీద చెయ్యి వేసి ఉంచారు. జ్వరం వచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు ఉన్నారు.

మా ఊరి పాయలోకి తిరిగేసరికి పాటు మొదలైపోయింది. నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. ఆలస్యం అక్కడ దెబ్బకొట్టింది. రేవు నలభై అడుగుల దూరంలో కనిపిస్తుండగా పడవలు అడుగున బురదకి ఆనాయి. ఆగిపోయాం. చూస్తుండగానే నీళ్ళు ఇంకా తగ్గి, కుడి పడవ కిందికి దిగడం మొదలెట్టింది. లేతు కట్లు కిర్రుమన్నాయి. నా కళ్ళముందే అది బెత్తెడు పక్కకి జరిగింది.

ఎవరూ కదల్లేదు. ఒడ్డు మీద జనం చేరారు. తాళ్ళు వేసి లాగుదామన్నారు. కల్వర్టుకి ఇవతల రొయ్యల చెరువు దగ్గర ట్రాక్టరు ఉంది, తెప్పిస్తామన్నారు. పెదమావయ్య కూడా, "లాగేద్దాం, లేకపోతే పడుద్ది" అన్నారు.

"వద్దు బావగారూ" అన్నారు అత్తగారు. "ఇప్పుడు లాగితే పడవలు చీలతాయి, ఇది నీళ్ళలోకి పోద్ది. దాన్ని ఉండనివ్వండి. ఏ నీళ్ళు కిందికి దించాయో ఆ నీళ్ళే సాయంత్రం పైకి లేపుతాయి."

అంటూనే చీర ఎగ్గట్టి బురదలోకి దిగిపోయారు. మోకాళ్ళ దాకా కూరుకుపోయారు. ఒడ్డు మీద ఉన్న ఆడవాళ్ళని పిలిచారు. ఆవిడతో పాటు చేపలు అమ్ముకునే వాళ్ళు. ఎండుచేపల గోతాలు తెమ్మన్నారు. వాటిలో బురద నింపి, మూతులు కట్టి, దిగుతున్న పడవ కింద ఒకదాని పక్కన ఒకటి దోపడం మొదలెట్టారు. నేనూ దిగాను. నీళ్ళు తగ్గే కొద్దీ మేము గోతాలు దోపుతున్నాం. ఒక గంట అలా నీళ్ళతో పందెం వేసినట్టు పనిచేశాక, కుడి పడవ గోతాల మీద ఆనుకుని ఆగింది. లేతు ఒక పక్కకి వాలి ఉంది గానీ ఇక జరగడం లేదు. పెదమావయ్య బురద చేతుల్తోనే మొహం తుడుచుకుని ఒడ్డెక్కి కూర్చున్నారు.

అందరూ భోజనాలకి వెళ్ళారు. అత్తగారు పడవెక్కి లేతు పక్కన కూర్చున్నారు. "మీరు వెళ్ళి తినిరండి, నేను ఉంటాను" అన్నాను.

"వెళ్ళను. నేను లేకపోతే ఎవడో ఒకడు తాడు వేస్తాడు."

సాయంత్రం దాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. నీళ్ళు పూర్తిగా తీసేశాక పాయంతా వెండి రేకు పరిచినట్టు బురద. దాని మీద చిన్న చిన్న బురద చేపలు గెంతుతున్నాయి. ఒక్క కాలు మాత్రం పెద్దగా, ఎర్రగా ఉన్న పీతలు బొరియల్లోంచి బయటికొచ్చి, మా వైపు ఆ కాలు ఊపి మళ్ళీ లోపలికి పోతున్నాయి. మా ఆయన అన్నం క్యారేజీ పట్టుకొచ్చి పడవలోకి అందించి వెళ్ళారు. ఎండ ఎక్కింది, దిగింది. గొడుగు నీడ మా ఇద్దరి చుట్టూ మెల్లగా తిరిగింది. నేను రెండు మూడుసార్లు కునికాను. లేచినప్పుడల్లా ఆవిడ అలాగే, చెయ్యి ఇనుము మీద ఉంచి, సముద్రం వైపు చూస్తున్నారు.

అప్పుడు చెప్పారు, మా మావగారి సంగతి. నేను కాపురానికి రాకముందే ఆయన పోయారు, అంతవరకే నాకు తెలుసు.

"బుష్ అరిగిందని ఆయనకి తెలుసు. పడవంతా వణుకుతుందని నాలుగు రోజుల ముందు నించీ అంటన్నారు. బందరు వెళ్ళి వేయించుకురావాలంటే ఒక రోజు పోద్ది. చేపలు బాగా పడే రోజులు. ఈ ఒక్కసారికి వెళ్ళొస్తానన్నారు." ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టారు. "ఇంత వస్తువు. అది పోయింది. ఇంజన్ ఆగింది. అయిదు రోజులు గాలి ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళారు. ఎవరో వేరే ఊరి పడవ వాళ్ళు చూసి తీసుకొచ్చారు."

"తిరిగొచ్చారా?" అన్నాను.

"వచ్చారు. ఊరంతా ఒడ్డుకి పరిగెత్తాం. ఆయన పడవ దిగి, ఎవరితో మాట్లాడకుండా నడుచుకుంటూ ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నారు. అంతే. మళ్ళీ పడవెక్కలేదు. ఏడేళ్ళు బతికారు. రోజూ వాకిట్లో కూచునేవారు, సముద్రం వైపు వీపు పెట్టి."

దూరంగా నీటి అంచు సన్నటి గీతలా మెరిసింది.

"ఆ ఏడేళ్ళూ నువ్వేం చేశావత్తా?" అని అడిగాను.

"చేపలు అమ్మాను" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి నవ్వారు. "ఇప్పటికి 'నువ్వు' అన్నావు. రెండేళ్ళు పట్టింది."

నిజమే. అప్పటిదాకా మీరు, అండీ అనే పిలిచేదాన్ని. ఆ రోజు నోరు ఎప్పుడు మారిందో నాకే తెలియలేదు.

"ఊళ్ళోనే ఒక మిషన్ ఉంటే ఆయన నడిచెళ్ళి వేయించుకునేవారు. నీ కోసమే తెస్తన్నాననుకోకు" అన్నారు. మళ్ళీ తనే, "నీ కోసం కూడాలే" అన్నారు.

నీళ్ళు తిరిగి రావడం నేను అంత దగ్గర్నించి ఎప్పుడూ చూడలేదు. చప్పుడు లేదు. ముందు బురద మీద చెమ్మ మెరిసింది. తర్వాత ఆ చెమ్మ కదిలింది. పీతల బొరియలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. దీపాలు పెట్టే వేళకి నీళ్ళు పడవల పొట్ట దాకా వచ్చాయి. చందమామ మడ చెట్ల వెనక నుంచి లేచాడు. ఊరంతా మళ్ళీ రేవుకి వచ్చింది గానీ ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఇంకొంచెం సేపటికి వాలి ఉన్న పడవ కింద నించి ఎవరో అరచేత్తో ఎత్తినట్టు మెల్లగా లేచింది. ఒకటిన్నర టన్ను ఇనుము నీళ్ళ మీద నిటారుగా నిలబడింది. వెన్నెల్లో దాని నీడ పాయలో పడి ఊగుతోంది. అత్తగారు గోతాలు ఒక్కొక్కటీ తీయించారు. పెదమావయ్య తనే గెడ పట్టుకుని పడవల్ని రేవు దాకా నెట్టుకొచ్చారు. ఏటవాలుగా పరిచిన దుంగల మీదుగా, పడవల్ని ఒడ్డుకి ఎక్కించే మోకుతో, ముప్పై మంది కలిసి లేతుని నేల మీదికి చేర్చారు. దాన్ని ఆ రాత్రికి అక్కడే దుంగల మీద ఉంచి, అందరం ఇళ్ళకి వెళ్ళి పడుకున్నాం.

రేవు నుంచి ఇంటికి రెండు వందల అడుగులు. ఆ రెండు వందల అడుగులకి ఒక పగలంతా పట్టింది. ఒండ్రు నేల, ఆపితే చాలు దిగిపోతుంది. తాటి దుంగలు పరిచి, వాటి మీద ఇనుప పైపులు వేసి, లేతుని దొర్లిస్తూ, వెనక ఖాళీ అయిన దుంగల్ని ముందుకి మోసుకొచ్చి మళ్ళీ పరుస్తూ వెళ్ళాం. ఇంటికి చేరాక తెలిసింది, నేను కొలత వేసుకున్నది లేతు పెట్టబోయే గది లోపలే గానీ తలుపుది కాదని. టర్నర్‌ని అయ్యుండి, వెంట్రుక మందం కొలిచే దాన్నయ్యుండి, తలుపు కొలవడం మర్చిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అది అత్తగారి ఎండుచేపల గది. తుఫాను నీళ్ళు ఎక్కకుండా ఎత్తుగా పునాది వేసి కట్టుకున్నది, ఊళ్ళో ఆవిడకంటూ ఉన్న ఒకే ఒక్క చోటు. చేపల బుట్టల్ని అప్పటికే వరండాలోకి మార్చేసి, గచ్చు తవ్వించి, నత్తగుల్లలూ ఇటుక ముక్కలూ దట్టించి కొత్తగా కాంక్రీటు పోయించి ఉంచారు. తలుపు దగ్గర లేతు ఇరుక్కుని అందరూ నిలబడిపోతే, ఆవిడ లోపలికెళ్ళి గునపం తెచ్చి, తలుపు పక్క గోడ మీద మొదటి దెబ్బ తనే వేశారు.

"అత్తా, నీ గది" అన్నాను.

"గోడ మళ్ళీ కట్టుకోవచ్చే. తప్పుకో" అన్నారు.

లేతు లోపలికి వెళ్ళింది. దాన్ని నీటిమట్టానికి నిలబెట్టాలి. లేకపోతే చేసిన ప్రతి పనీ వంకరే. మట్టం చూసే పరికరం నా దగ్గర ఉంది. అయినా ఆవిడ ఇంట్లోంచి ఒక స్టీలు పళ్ళెం తెచ్చి, అంచు దాకా నీళ్ళు పోసి లేతు మీద పెట్టి, వంగి చూశారు. "అటు ఒక కాగితం మందం ఎత్తాలి" అన్నారు. నా పరికరం కూడా అదే చెప్పింది. అప్పటి నుంచి ప్రతి పౌర్ణమికీ ఆవిడ ఆ పళ్ళెం పట్టుకుని వచ్చేవారు. మా నేల ఏటా కొంచెం దిగుతుంది. ఎటు దిగిందో పళ్ళెం చూసి చెప్పేవారు, నేను అటు వైపు రేకు ముక్క దోపేదాన్ని. పన్నెండేళ్ళు అలా ఇద్దరం కలిసి ఆ మిషన్‌ని నిటారుగా ఉంచుతూ వచ్చాం.

మొదటి ఏడాది త్రీ ఫేజ్ కరెంటు రాలేదు. పాత పడవ ఇంజన్ ఒకటి గది బయట బిగించి, బెల్టు వేసి లేతు తిప్పాం. అది తిరుగుతుంటే ఇల్లంతా పడవలా అదిరేది. అత్తగారు వరండాలో చేపలు గ్రేడు చేసుకుంటూ, "ఎక్కడిదాకా వచ్చాం?" అని అడిగేవారు. నేను లోపల్నించి, "ఇంకా రేవు దాటలేదత్తా" అనేదాన్ని. గది వాసన మాత్రం పోలేదు. ఇప్పటికీ వేడెక్కిన ఇనుము, నూనె, ఎండు నెత్తళ్ళు కలిసిన వాసనే నా వర్క్‌షాపు వాసన.

మొదటి రెండు నెలలు ఒక్కరూ పని తేలేదు. నేను పాత కడ్డీలు బిగించి ఊరికే చెక్కుకుంటూ కూర్చునేదాన్ని. ఒక పొద్దున గుమ్మంలో, తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువు ఒకటి కనిపించింది. షాఫ్టు. తువ్వాలు పెదమావయ్యది. ఆయన అక్కడ లేరు. నేను ఆయన్ని పిలుద్దామని లేచాను. అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఏమీ అడక్కు. కొలత తీసుకుని పని చెయ్యి."

రోజున్నర పట్టింది. ఎన్నిసార్లు కొలిచానో నాకే తెలియదు. బుష్ వేసి, షాఫ్టు సరిచేసి, ఉతికిన తువ్వాల్లో చుట్టి గుమ్మంలో పెట్టాం. తీసుకెళ్ళారు. మర్నాడు ఆయన పడవ వేటకి వెళ్ళింది. అత్తగారు ఆ రోజు చేపలు అమ్మడానికి వెళ్ళలేదు. వరండాలో కూర్చుని తాడు పేనుతూ ఉన్నారు. మూడో రోజు పడవ తిరిగొచ్చింది. పెదమావయ్య మా ఇంటి ముందు ఆగి, "వణుకు లేదు" అన్నారు. అంతే అన్నారు. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ షాఫ్టు పనికి వేరే చోటికి వెళ్ళలేదు. ఆ పైన చుట్టుపక్కల ఊళ్ళ పడవలన్నీ వచ్చాయి.

ఆవిడ నాకు చేసింది ఇదీ అని ఎవరికైనా చెప్పాలంటే చాలా చిన్నగా ఉంటుంది. పొద్దున్నే నేను లేచేసరికి నూనె గుడ్డతో లేతు తుడిచి ఉంచేవారు. ఉప్పు గాలికి ఒక్క రోజు వదిలేస్తే ఇనుము ఎర్రబడుతుంది. పన్నెండేళ్ళలో ఆ లేతు మీద తుప్పు మచ్చ నేను చూడలేదు. పని చేస్తుండగా ఎవరైనా వచ్చి, "మేస్త్రీ ఎక్కడమ్మా?" అని అడిగితే, ఆవిడ బుట్ట మీద నించి తల ఎత్తకుండానే, "ఎదురుగా ఉందిగా" అనేవారు. ఆదివారం నేను చర్చికి వెళ్ళి వచ్చేసరికి అన్నం వండి ఉండేది. ఒక్కసారి కూడా ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. అలసిపోయి విసుక్కున్న రోజుల్లో, "ఆగు. ఇప్పుడు పాటు. నీళ్ళు లేనప్పుడు లాగకూడదు" అనేవారు. నాకు పిల్లలు ఆలస్యంగా పుట్టారు. ఆ రోజుల్లోనూ అదే మాట.

నేను ఇంటికి చేరేసరికి ఆవిణ్ణి వరండాలో పడుకోబెట్టారు. చేతులు ఛాతీ మీద ఉన్నాయి. ఎవరో కడిగారు. అయినా వేళ్ళ సందుల్లో ఉప్పు బీటలున్నాయి, గోళ్ళ చుట్టూ నల్లగా నూనె ఉంది. పొద్దున మిషన్ తుడిచాకే టీ తాగారట. ఆ రోజు ఊళ్ళో ఒక్క పడవా వెళ్ళలేదు. ఆవిణ్ణి తీసుకెళ్తున్నప్పుడు ముందు భుజం పట్టింది మా ఆయన. రెండో భుజం ఎవరు పడతారని చూస్తుంటే, ఆవిడతో చేపలు అమ్మే ఆడవాళ్ళే వచ్చి పట్టారు. ఎవరూ కాదనలేదు.

పెద్దకర్మ అయ్యాక మర్నాడు పొద్దున, చీకటి ఇంకా పూర్తిగా విడకముందే వాకిట్లోకి వచ్చాను. అత్తగారినీ మిగతా చేపల ఆడవాళ్ళనీ రోజూ అవనిగడ్డ మార్కెట్‌కి తీసుకెళ్ళే ఆటో మంచులోంచి వచ్చింది. పైన బుట్టలు, లోపల అయిదుగురు మనుషులు ఒకరి మీద ఒకరు ఇరుక్కుని కూర్చున్నారు. ఒకావిడ సగం బయటికే ఉంది. ఎడమ పక్క చివర మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలేశారు. ఆటో మా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు ఇంజన్ ఆపలేదు. లోపలి వాళ్ళు నన్ను చూశారు, నేను వాళ్ళని చూశాను. ఒక మనిషి కొంగు సర్దుకుని, బుట్ట నెత్తినెత్తుకుని, మెట్లు దిగి వచ్చి ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆటో అక్కడ ఆగి ఉంది. తర్వాత కదిలింది. ఆ ఖాళీ చోటుతోనే గట్టు మీదుగా మంచులోకి వెళ్ళిపోయింది.